ఇది నైలానా, పాలిస్టరా? ఇంట్లోనే తేల్చుకుని తాడు, వల, బట్ట సరిగ్గా వాడుకునే పద్ధతి

"నైలాన్ తాడు అని కొన్నాను, రెండేళ్ళకే ఎండకి పొడి పొడి అయిపోయింది, ఎందుకంటారు?" "సిల్కు చీర అన్నారు, ఇస్త్రీ పెట్టె ఆనగానే ముడుచుకుపోయింది, ఏం చెయ్యాలి?" కొంచెం అటూ ఇటూగా ఈ రెండు ప్రశ్నలే నాకు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. రెండింటికీ మూలం ఒకటే. చేతిలో ఉన్నది ఏ దారమో తెలియకుండా వాడేశారు.

మన వైపు అమలాపురం నుంచి భీమవరం దాకా మెరిసే తాడు ఏదైనా నైలాన్ తాడే, ఒంటి మీద జారే చీర ఏదైనా సిల్కే. మా బాబాయి చేపల చెరువు మీద పక్షుల వలకి కట్టిన తాడు కూడా షాపులో నైలాన్ అనే ఇచ్చారు. రెండో వేసవికి దాన్ని చేత్తో నలిపితే పిండిలా రాలింది. ఓ ముక్క తెచ్చి గ్లాసు నీళ్ళలో వేశాను. తేలింది. నైలాన్ నీళ్ళలో తేలదు. అప్పుడు చేసిన పరీక్షలు, తరవాత నేర్చుకున్న జాగ్రత్తలు వరసగా ఇక్కడ రాస్తున్నాను. వరస మార్చకండి. నీళ్ళ పరీక్ష కాకముందే అగ్గిపుల్ల గీస్తే సగం ఫలితాలు తికమక పెడతాయి.

## 1. ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- చిన్న కత్తెర, కనుబొమలు తీసే పట్టుకారు
- గాజు గ్లాసులు రెండు (స్టీలు గ్లాసైతే లోపల ఏం జరుగుతోందో కనబడదు)
- కళ్ళుప్పు 80 గ్రాములు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క
- కొవ్వొత్తి, అగ్గిపెట్టె
- ఇసుక పోసిన స్టీలు పళ్ళెం, పక్కన చెంబుడు నీళ్ళు
- రాసుకోవడానికి కాగితం

నమూనా తియ్యడంలోనే చాలామంది పొరబడతారు. తాడైతే బయట ఎండకి మాసిన పోగు కాదు, పురి విప్పి లోపలి పోగు తియ్యండి. చీరైతే పడుగు దారం ఒకటి, పేక దారం ఒకటి, రెండూ విడివిడిగా. పడుగు ఒకటీ పేక ఇంకొకటీ పెట్టి నేసిన బట్టలు బజార్లో బోలెడున్నాయి. ఒక్క దారం చూసి మొత్తం చీరకి పేరు పెట్టేస్తే మోసపోతారు. జాకెట్టు ముక్క అంచు నుంచి తీస్తే చీరకి నష్టం ఉండదు.

కొత్త బట్టకి గంజో, ఇంకేదో పూతో ఉంటుంది. ఆ దారాన్ని ముందు సబ్బునీళ్ళలో నలిపి, కడిగి, ఆరనివ్వండి.

## 2. నీళ్ళ పరీక్ష

మంట అక్కర్లేదు, వాసన ఉండదు, పిల్లలతో కలిసి చేసుకోవచ్చు. నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే.

మొదటి గ్లాసు: మంచినీళ్ళు. దారాన్ని సెంటీమీటరు పొడవున కత్తిరించండి. నీళ్ళలో లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, దారాన్ని అందులో వేళ్ళతో బాగా నలపండి. పట్టుకారుతో గ్లాసు అడుగు దాకా తీసుకెళ్ళి అక్కడ వదలండి. అయిదు నిమిషాలు ఆగండి.

పైకి వచ్చేస్తే అది పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్. నీటి సాంద్రత 1 అనుకుంటే పాలీప్రొపిలీన్‌ది సుమారు 0.91, వలలకీ బరకాలకీ వాడే గట్టి పాలీఇథిలీన్‌ది సుమారు 0.95. సింథటిక్ దారాల్లో మామూలుగా మన చేతికి వచ్చేవాటిలో తేలేవి ఈ రెండే. మునిగిపోతే రెండో గ్లాసుకి వెళ్ళండి.

రెండో గ్లాసు: ఉప్పు నీళ్ళు. గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్ళలో 80 గ్రాముల కళ్ళుప్పు వేసి కలుపుతూ ఉండండి. ఎంత కలిపినా అడుగున కొంచెం ఉప్పు కరగకుండా మిగలాలి. అలా మిగిలిందంటే నీళ్ళు పట్టినంత ఉప్పు పట్టాయన్నమాట. మడ్డి కిందికి దిగాక పైన తేరిన నీళ్ళు వేరే గ్లాసులోకి వంచుకోండి. ఈ నీళ్ళ సాంద్రత దాదాపు 1.2.

వరి విత్తనాల్లో తాలు తియ్యడానికి ఉప్పు నీళ్ళలో కోడిగుడ్డు వేసి చూసే అలవాటు మన రైతులకి ఉంది. ఇక్కడ ఆ గుడ్డు లెక్క సరిపోదు. అంతకన్నా చాలా ముందే గుడ్డు తేలిపోతుంది. అడుగున ఉప్పు మిగలడమే గుర్తు.

ఇప్పుడు దారం వెయ్యండి. నైలాన్ సాంద్రత 1.14, కాబట్టి పైకి వస్తుంది. స్వెట్టర్ల అక్రిలిక్‌ది సుమారు 1.17, అదీ వస్తుంది గానీ బద్ధకంగా. పాలిస్టర్‌ది 1.38, మునిగే ఉంటుంది. పత్తి, రేయాన్ అంతకన్నా బరువు, అవీ కిందే. నైలానా, పాలిస్టరా అన్న చిక్కు ఇంత ఉప్పుతో తీరిపోతుంది.

పరీక్ష తప్పితే కారణం దాదాపు ఎప్పుడూ గాలి బుడగే. పోగుల మధ్య గాలి చిక్కుకుంటే పాలిస్టర్ కూడా తేలుతుంది. తేలిన ముక్కని మళ్ళీ తీసి, సబ్బునీళ్ళలో నలిపి, ఇంకోసారి వెయ్యండి. మూడుసార్లూ ఒకే ఫలితం వస్తేనే కాగితం మీద రాయండి.

## 3. మంట పరీక్ష

మునిగిన దారాల్లో ఏది పత్తి, ఏది పాలిస్టర్ అని తేల్చేది ఇదే. వరండాలోనో పెరట్లోనో చెయ్యండి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. ఫ్యాను ఆపండి. ఒంటి మీద నూలు బట్ట ఉండాలి. పిల్లలని దూరంగా ఉంచండి. గుడ్డ ముక్క వెలిగించకండి, నాలుగైదు దారాలు కలిపి పేనిన రెండంగుళాల పోచ చాలు. పొగ దగ్గర ముక్కు పెట్టకండి. మంట ఆరాక చేత్తో విసురుకుని దూరం నుంచే వాసన చూడండి.

పోచని పట్టుకారుతో పట్టుకుని, ఇసుక పళ్ళెం మీదుగా, పక్క నుంచి మంట దగ్గరికి నెమ్మదిగా తీసుకెళ్ళండి. నాలుగు సంగతులు గమనించాలి: మంట దగ్గరికి వస్తుండగా ఏం చేసింది, మంటలో ఏం చేసింది, బయటికి తీశాక ఏం చేసింది, చివరికి ఏం మిగిలింది.

పత్తి, రేయాన్: వెనక్కి తగ్గవు. టపీమని అంటుకుని కాగితంలా కాలతాయి, వాసనా కాగితందే. మంట ఆరినా నిప్పు కణిక కాసేపు పాకుతుంది. మిగిలేది ఊదితే పోయే మెత్తని బూడిద.

పట్టు, ఉన్ని: మెల్లగా, మెలికలు తిరుగుతూ కాలతాయి. జుట్టు కాలిన వాసన వస్తుంది. మంట నుంచి తీస్తే చాలావరకు ఆరిపోతాయి. మిగిలిన నల్ల పూస వేళ్ళతో నలిపితే పొడవుతుంది.

పాలిస్టర్: మంట దగ్గరికి రాగానే ముడుచుకుని వెనక్కి పోతుంది. కరుగుతుంది, నల్లటి పొగ వదులుతుంది, వాసన కాస్త తియ్యగా ఉంటుంది. చివర నలపలేని గట్టి నల్ల పూస మిగులుతుంది.

నైలాన్: ఇదీ ముడుచుకుని కరుగుతుంది గానీ పొగ అంత నల్లగా రాదు. వాసన సెలరీ ఆకులా ఉంటుందని పుస్తకాలు రాస్తాయి. మన ఊళ్ళలో సెలరీ ఎవరు చూశారు? నాకైతే పచ్చి కూరకాడలు మాడినట్టు అనిపిస్తుంది. పూస గట్టిగానే ఉంటుంది, రంగు బూడిదకో గోధుమకో దగ్గరగా ఉంటుంది.

పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్: కరిగి, చుక్కలు కారుతూ, కొవ్వొత్తి వాసనతో కాలతాయి. నీళ్ళలో తేలిన ముక్కకి ఈ పరీక్ష అవసరం కూడా లేదు.

అక్రిలిక్: దీనితో జాగ్రత్త. తొందరగా అంటుకుని, చిటపటలాడుతూ, మంట నుంచి తీసినా మండుతూనే ఉంటుంది. ఘాటైన పొగలో హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. స్వెట్టరు, శాలువా, ఊలు ఉండలాంటి వాటిలో మీకు అక్రిలిక్ అనుమానం ఉంటే మంట దాకా పోకండి. ఉప్పు నీళ్ళతోనే ఆగండి.

బూడిదా పూసా రెండూ కనిపించాయా? అది మిశ్రమం. షర్టింగు టెరీకాటన్‌లో తరచుగా 67 వంతులు పాలిస్టర్, 33 వంతులు పత్తి ఉంటాయి. కాగితం వాసన వస్తూనే చివర్న గట్టి గింజ మిగులుతుంది. "ప్యూర్ కాటన్" అని చెప్పినదాంట్లో ఆ గింజ తగిలిందంటే ఇక బేరం మీ చేతిలో ఉన్నట్టే. ద్వారపూడి మార్కెట్లో షాపు ముందు కొవ్వొత్తి వెలిగించమని నేను అనడం లేదు. ఓ జాకెట్టు ముక్క కొని ఇంటికి తెచ్చి చూసుకుని, ఆ తరవాత పెళ్ళి బట్టలకి వెళ్ళండి.

## 4. పత్తికీ రేయాన్‌కీ తేడా

మంట ఈ రెండింటినీ విడదీయలేదు. రెండూ సెల్యులోజే. రేయాన్‌ని కలప గుజ్జు కరిగించి మళ్ళీ దారంగా తీస్తారు.

దారం మధ్యలో ఓ చుక్క నీటితో తడిపి రెండు చివర్లూ పట్టుకుని లాగండి. రేయాన్ తడి ఉన్నచోటే సులువుగా తెగుతుంది, తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. పత్తి తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, తెగినా పొడి చోటే తెగుతుంది. రేయాన్ నైటీలని బండకేసి బాదితే ఎందుకు చిరుగుతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

## 5. ఎందుకిలా? ఈ కాస్త కెమిస్ట్రీ తెలిస్తే మిగతాది బట్టీ పట్టక్కర్లేదు

తాటిపాక వైపు భూమిలోంచి తీసే చమురుకీ, పెరట్లో ఉన్న ప్లాస్టిక్ తాడుకీ చుట్టరికం ఉంది. పెట్రోలియం నుంచి వచ్చే చిన్న చిన్న అణువులని వేల సంఖ్యలో గొలుసు కట్టినట్టు కలిపితే వచ్చేదే పాలిమర్. దాన్ని కరిగించి, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు సన్నని కన్నాల్లోంచి వత్తి, చల్లార్చి, సాగలాగుతారు. (అక్రిలిక్ మాత్రం కరగదు, ద్రావకంలో కలిపి వత్తుతారు.) ఆ లాగడంలో గొలుసులన్నీ ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. బలం అక్కడి నుంచే వస్తుంది.

గొలుసులో ఏ లంకె ఉందో దాన్నిబట్టి గుణం.

నైలాన్ గొలుసులో ఎమైడ్ లంకెలుంటాయి. అవి నీటిని కొంచెం పట్టుకుంటాయి, మామూలు గాలిలో బరువులో సుమారు 4 శాతం. అందుకే తడిసిన నైలాన్ ఇంకా సాగుతుంది, బలం 10 నుంచి 15 శాతం తగ్గుతుంది. గాఢమైన యాసిడ్లూ, క్లోరిన్ బ్లీచింగూ ఈ లంకెలని తెంచేస్తాయి.

పాలిస్టర్‌ని టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ కలిపి చేస్తారు. మంచినీళ్ళ బాటిలూ అదే పదార్థం. నీటిని 0.4 శాతమే పీలుస్తుంది, కాబట్టి వెంటనే ఆరుతుంది, చెమటని మాత్రం తాగదు. దీని ఎస్టర్ లంకెలకి శత్రువు వేడి కాస్టిక్ సోడా.

పాలీప్రొపిలీన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఏమీ లేవు. నీళ్ళంటే పడదు, నూనెంటే ప్రేమ. యాసిడ్‌కి గానీ సున్నానికి గానీ లొంగదు. ఎండలోని అతినీల లోహిత కిరణాలకి మాత్రం, రక్షణ మందు కలపకపోతే, విరిగిపోతుంది. బాబాయి తాడుకి జరిగింది అదే.

ఇంకో చిన్న లాభం: చిరిగిన బరకానికి ఫెవికాల్ ఎందుకు అంటదని అడుగుతుంటారు. జిగురు పట్టుకోవడానికి ఆ గొలుసులో కొక్కెం లాంటిదేమీ లేదు. ముక్క వేసి కుట్టి, పైన బరకాల టేపు అతికించడమే మార్గం.

## 6. ఏ పనికి ఏ తాడు

పడవ కట్టడానికి: నైలాన్. కాలవలోనో ఏటి పాయలోనో పడవ అల మీద లేచి పడుతుంటే తాడు సాగి కుదుపుని మింగాలి. ఆ పని నైలాన్ చేసినట్టు ఇంకోటి చెయ్యదు. బాగా సాగిన నైలాన్ మోకుకి ఎదురుగా, అది లాగుతున్న దిక్కులో ఎవరినీ నిలబడనివ్వకండి. తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది.

దండేనికి, షామియానా లాగికట్టడానికి: పాలిస్టర్. సాగదు, తడిసినా వదులవదు, ఎండకీ ఓర్చుకుంటుంది. నైలాన్ దండెం వర్షాకాలంలో ఊయలైపోతుంది.

నీటి మీద తేలాల్సిన చోట: పాలీప్రొపిలీన్. రేవులో మనిషికి విసరడానికి పెట్టుకునే తాడు ఇదే కావాలి. మునిగే తాడు విసిరి ప్రయోజనం ఏముంది?

చెరువు మీద పక్షుల వల: ఎండరక్షణ కలిపిన పాలీఇథిలీన్ వల, పాలిస్టర్ తాడు. కొనేటప్పుడు ఎండకి ఆగే రకమేనా అని అడగండి. నల్లరంగుదైతే మంచిది, అందులో కలిపే మసి ఎండని అడ్డుకుంటుంది.

చేపల వల: నైలాన్ వల మునుగుతుంది, పైన బెండ్లు చాలినన్ని ఉండాలి. పాలీఇథిలీన్ వల తేలుతుంది, కింద సీసం గుళ్ళు పెంచాలి. ఒక రకం వల తీసేసి ఇంకో రకం కట్టినప్పుడు పాత లెక్కే ఉంచేసి "వల సరిగ్గా నిలవడం లేదు" అనుకునేవాళ్ళని చూశాను. చెరువులో బ్లీచింగ్ చల్లే ముందు నైలాన్ వలలు బయటికి తీసెయ్యండి.

గేదె పలుపు: మెడ చుట్టూ నూలుదో నారదో వేసి, మిగతా పొడవు సింథటిక్ వాడుకోండి. సన్నని ప్లాస్టిక్ తాడు మెడని కోసేస్తుంది.

తుఫాను ముందు కప్పు బిగించడానికి: 1996 నవంబరు చూసినవాళ్ళకి దీని సంగతి చెప్పక్కర్లేదు. రేకుల అంచు మీదుగా తాడు నేరుగా వెయ్యకండి. గాలికి కదిలినప్పుడల్లా రేకు రంపంలా కోస్తుంది. అంచు కింద పాత సైకిలు ట్యూబు మడిచి పెట్టండి. ఎండలో ఏళ్ళ తరబడి పడి ఉన్న తాడు ఆ రోజుకి పనికిరాదు. అక్టోబరు రాకముందే కొత్తది కొని లోపల పెట్టుకోండి.

ముళ్ళు. కొబ్బరి తాడుకి గరుకు ఉంటుంది, పీటముడి వేస్తే కదలదు. సింథటిక్ తాడు నున్నగా ఉంటుంది, అదే ముడి నెమ్మదిగా జారుతుంది. ఇంకో రెండు చుట్లు ఎక్కువ వెయ్యండి, ముడి తరవాత కనీసం జానెడు కొస వదలండి, మొదటిసారి గట్టిగా లాగి చూసి మళ్ళీ బిగించండి.

కొసలు. కోసిన చివర పురి విప్పుకోకుండా మంట మీద కరిగించి అతికిస్తాం కదా. ఆ కరిగిన ముద్దని వేళ్ళతో నొక్కే అలవాటు మానుకోండి. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చర్మానికి అంటుకుంటే వదలదు. చెంచా వెనక వైపుతో నొక్కండి. ముందే దారంతో చుట్టి కట్టేస్తే ఇంకా నయం.

తాడు మార్చాల్సిన గుర్తులు:

- గోటితో గీకితే తెల్లటి పొడి రాలడం
- బయటి పోగులు తెగి నూగులా లేవడం
- పురి విప్పితే లోపలి రంగుకీ బయటి రంగుకీ బాగా తేడా ఉండడం
- వంచితే పెళుసుగా చిటచిటమనడం
- ఎక్కడో ఒకచోట గాజులా మెరిసే గట్టి మచ్చ (రాపిడి వేడికి కరిగిందన్నమాట)

ఒక్కటి కనిపించినా బరువు పనికి వాడకండి. మొక్కలకి ఊతం కట్టుకోండి.

## 7. బట్టలు: ఉతకడం, మరకలు, ఇస్త్రీ

ఆవకాయ నూనె మరక. పాలిస్టర్ చీర మీద పడిందా? ముందు నీళ్ళు పొయ్యకండి. పాలిస్టర్‌కి నీటి కన్నా నూనెతోనే స్నేహం, తడిపితే మరక పోదు సరికదా విస్తరిస్తుంది.

ఒకటి, కాగితం రుమాలుతో అద్ది నూనె తియ్యండి, రుద్దొద్దు. రెండు, పొడి బట్ట మీదే గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలితో రాసి పావుగంట ఉంచండి. మూడు, గోరువెచ్చని నీళ్ళతో బట్ట వెనక వైపు నుంచి కడగండి. నాలుగు, నీడన ఆరబెట్టి వెలుతురులో చూడండి. మచ్చ ఉంటే మళ్ళీ మొదటి నుంచి. పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ జోలికి పోకూడదు. వేడి తగిలితే మరక లోపలే స్థిరపడిపోతుంది.

చెమట వాసన. ఉతికినా పాలిస్టర్ చొక్కా చంకల దగ్గర వాసన పోదంటారు. ఒంటి జిడ్డు దారానికి పట్టుకుని ఉంటుంది, వాసన అందులోది. సెంటు సబ్బులు దాన్ని కప్పుతాయంతే. డిటర్జెంట్ నీళ్ళలో అరగంట లోపల వైపు బయటికి తిప్పి నానబెట్టి, బాగా జాడించండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకండి, అది ఇంకో జిడ్డు పొర.

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా, గడుసుగా ఉంటాయి. వాటిలో బట్టల సబ్బు పెరుగులా విరిగి తెల్ల పొరలా అంటుకుంటుంది. డిటర్జెంట్‌కి ఆ బాధ తక్కువ.

తెల్ల నైలాన్ విడిగా ఉతకండి. పక్క బట్ట వదిలిన రంగుని పిలిచి మరీ పట్టుకుంటుంది. పసుపు పచ్చబడిందని బ్లీచింగ్ వేస్తే ఇంకా పాడవుతుంది.

పిండడం. వేడి నీళ్ళలో ఉతికి మెలితిప్పి పిండితే పాలిస్టర్‌లో ముడతలు శాశ్వతంగా కూర్చుంటాయి. చల్లని నీళ్ళు, పిండకుండా దండేనికి వేలాడదీయడం, అంతే. చాలా చీరలకి ఇక ఇస్త్రీ కూడా అక్కర్లేదు. గంజి గురించి కూడా అడుగుతారు. పాలిస్టర్ గంజిని పట్టుకోదు, ఆరాక పొట్టులా రాలుతుంది. ఆ శ్రమ నూలు చీరలకి దాచుకోండి.

ఇస్త్రీ. పెట్టె మీద చుక్కలుంటాయి. ఒక చుక్క సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు 200.

- నైలాన్, అక్రిలిక్: ఒక చుక్క
- పాలిస్టర్, జార్జెట్, టెరీకాటన్: రెండు చుక్కలు, పైన పల్చని నూలు గుడ్డ వేసి
- పాలీప్రొపిలీన్: ఇస్త్రీ వద్దే వద్దు
- ఏ దారమో తేలని బట్ట: ఒక చుక్కతో మొదలు, ముందు మడత లోపలి అంచు మీద
- తక్కువ ధర జరీ అంచు: చాలావరకు లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర, చీర తిరగేసి, గుడ్డ వేసి

బొగ్గుల ఇస్త్రీ పెట్టెకి చుక్కలుండవు. బండి దగ్గర ఇచ్చేటప్పుడు "ఇది సింథటిక్ అండీ, ముందు నూలు బట్టలు చేసేసి పెట్టె చల్లారాక చెయ్యండి" అని నోటితో చెప్పడమే.

బట్ట కరిగి పెట్టెకి అంటుకుంటే ప్లగ్గు తీసి, ఆ ముద్ద ఇంకా మెత్తగా ఉండగానే చెక్క గరిటెతో గీకండి. చాకు పెడితే పెట్టె అడుగు గీతలు పడుతుంది. బట్ట మీద మెరుపు మచ్చ పడితే మాత్రం అది పోదు. దారం పైభాగం కరిగి చదునైపోయింది, ఎవరేం చెప్పినా నమ్మి వెనిగర్లు, నిమ్మకాయలు వృథా చెయ్యకండి.

పొయ్యి దగ్గర, దీపావళి రోజు. నూలు బట్టే. నూలు కూడా మండుతుంది, కానీ కరిగి ఒంటికి అతుక్కోదు. సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అంటుకుంటే పీకకండి, పీకితే చర్మం కూడా వస్తుంది. చల్లని ధార నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి, చుట్టూ వదులుగా ఉన్న గుడ్డ కత్తిరించి తియ్యండి, అంటుకున్నది అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టూత్‌పేస్టు, సిరా, వెన్న ఏవీ రాయొద్దు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*నీళ్ళలో తేలింది, మంటలో పత్తిలా కాలింది.* గాలి బుడగ. ముక్కని నలిపి మళ్ళీ వెయ్యండి.

*తాడులో ఒక పోగు తేలింది, ఇంకోటి మునిగింది.* రెండు రకాలు కలిపి పేనినది. ఎండకి ఏది ముందు పోతుందో దాన్నిబట్టే ఆ తాడు ఆయుష్షు లెక్కేసుకోండి.

*బ్యాటరీ దగ్గర కట్టిన తాడు ఊరికే తెగింది.* నైలాన్ మీద యాసిడ్ చుక్క పడి ఉంటుంది. ఇన్వర్టర్, పడవ బ్యాటరీ దగ్గర పాలీప్రొపిలీన్ కట్టండి.

*ధాన్యం మీద కప్పిన బరకానికి చిల్లులు.* ట్రాక్టరు సైలెన్సరు తగిలిందేమో చూడండి. పాలీఇథిలీన్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

*డిసెంబరులో స్వెట్టరు తీస్తుంటే చిటచిట, జుట్టు లేస్తోంది.* అక్రిలిక్‌కి తేమ లేక కరెంటు నిలుస్తోంది. లోపల నూలు బనియను వేసుకోండి. మన డెల్టా గాలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ బెడదే ఉండదు.

*పాత వలలు గట్టు మీద తగలబెట్టాం.* మానండి, ఆ పొగ ఇంట్లోకే వస్తుంది. కాలవలో పడేస్తే ఎన్నేళ్ళైనా కుళ్ళదు, చేపలూ పాములూ అందులో చిక్కి చస్తూనే ఉంటాయి. పాత ప్లాస్టిక్ కొనేవాళ్ళకి కిలోల లెక్కన వెయ్యండి. అమ్ముడుపోని ముక్కలు పాదులకి పందిరి కట్టుకోండి.

## 9. దాచేటప్పుడు

తాడు, వల ఉప్పు నీటిలోనో చెరువులోనో వాడి ఉంటే మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, చుట్ట చుట్టి, నేల మీద కాకుండా మేకుకి తగిలించండి. సింథటిక్ దారం ఎలకకి తిండి కాదు. కానీ వలకి పట్టిన చేప జిగట కోసం వచ్చి దారాన్ని కూడా కొరికేస్తుంది.

చుట్టకి ఓ అట్టముక్క కట్టి, బాల్‌పెన్నుతో మూడు సంగతులు రాయండి: పరీక్షలో తేలిన పేరు, కొన్న నెల, ఎండలో ఎన్నాళ్ళు ఉంది. బాబాయి ఇప్పుడు తన షెడ్డులో ప్రతి చుట్టకీ కడుతున్నాడు. పోయిన వారం చూస్తే ఒకదాని మీద "షాపు మాట నైలాను, గ్లాసు మాట ప్లాస్టిక్కు" అని రాసి ఉంది.